చాప పరిచిన దిక్కు

మా జాగ్రఫీ మేడమ్ చనిపోయారన్న కబురు గురువారం మధ్యాహ్నం, స్కూలు బస్సులో ఉండగా వచ్చింది. ఆమె నంబరు నుంచే మెసేజ్ రావడంతో తెరిచేముందు ఒక్క క్షణం సంతోషపడ్డాను. రాసింది వాళ్ల తమ్ముడు. ఆపరేషన్ తర్వాత కోలుకుంటున్నట్టే ఉండి, తెల్లవారేసరికి కడప ఆసుపత్రిలో వెళ్లిపోయారట. సాయంత్రం నమాజు తర్వాత మట్టి ఇస్తున్నారట. కువైట్‌లో మా బస్సు సముద్రం పక్కగా ఫింటాస్ వైపు పోతోంది. వెనక సీట్లో పిల్లలు చిప్స్ ప్యాకెట్ కోసం కొట్లాడుకుంటున్నారు.

"ఏమైందే?" అంది పక్కనున్న స్నేహితురాలు.

"మేడమ్ లేరు" అన్నాను.

అన్నాక ఆ మాట నాకే తప్పుగా వినిపించింది. ఏదైనా ఎక్కడైనా లేదంటే ఆమె ఊరుకునేవారు కాదు. "లేదంటే? యాడ లేదు? పోయి చూసినావా?" అని అడిగేవారు.

ఇక్కడి తెలుగువాళ్ల ఈ పత్రిక చదివేవాళ్లలో చాలామంది ఆమెను మన శుక్రవారం కలయికల్లో చూసే ఉంటారు. నల్ల అబాయా కింద తెల్లని పరుగు బూట్లు, చంకలో గొడుగు, ఫోనుకు వేలాడే పవర్ బ్యాంకు. మా బిల్డింగులోనే మా కింది అంతస్తులో ఉండేవారు. తరగతిలో ఇంగ్లీషు, ఇంట్లో ఉర్దూ, మెట్ల మీద నేను ఎదురైతే కడప తెలుగు. మెట్ల మీది మేడమే నాకు ఎక్కువ ఇష్టం. ఆమెకు వంట రాదు. జవాబు పత్రాలు ఎప్పుడూ ఆలస్యంగా దిద్దేవారు. పాలు లేని టీ పెట్టుకుని మరిచిపోయి, చల్లారాక ఒకే గుక్కలో తాగి మొహం చిట్లించేవారు. ఎంత బాగా చేసినా "సరే" అనే తప్ప ఇంకో మెచ్చుకోలు ఆమె నోట వినలేదు. ఆ "సరే" కోసం మేం పడి చచ్చేవాళ్లం.

శనివారం పొద్దున ఆమె మాకు నడక క్లాసు పెట్టేవారు. ఇక్కడి ప్రభుత్వం అందరూ చూడడానికి తెరిచిపెట్టిన పటాల సైటు ఒకటుంది. ఏ ప్రాంతంలో ఎన్ని బ్లాకులు, ఏ వీధిలో ఏ ప్లాటు, మసీదులు, బడులు, క్లినిక్కులు, బస్టాపులు, కరెంటు గదులు, నీళ్ల ట్యాంకులు, అన్నీ పొరలు పొరలుగా ఉంటాయి. ఉల్లిపాయలాగా ఒక్కో పొర తీసి చూడొచ్చు, ఒకదానిమీద ఒకటి పరిచీ చూడొచ్చు. మా మొదటి పని ఫింటాస్‌లో ఒక బస్టాపు నుంచి క్లినిక్ దాకా ముసలివాళ్లు నడిచి వెళ్లగలరా అని తేల్చడం. పటంలో కాలిబాట చక్కగా గీసి ఉంది. నేలమీద ఆ కాలిబాటను కార్లు ఆక్రమించాయి. కార్లు లేనిచోట ఎవరో ఖర్జూరపు మొక్క నాటారు. రోడ్డు దాటడానికి తెల్ల చారలు ఉన్నాయి గానీ, చారలు పూర్తయ్యేచోట కాలు పెట్టడానికి దారి లేకుండా ఎత్తైన గోడ ఉంది.

పోయి చూసినదానికి నీలం రంగు, పటంలో ఉండి నేలమీద లేనిదానికి ఎరుపు. పోయి చూడనిదాన్ని తెల్లగా వదిలేయాలి. మాలో ఒకడు ఎండకు తాళలేక ఒక సందులోకి పోకుండానే నీలం వేశాడు. మేడమ్ వాడి ఫోను తీసుకుని చూసి, "ఈ సందులో కుక్క ఏ రంగురా?" అన్నారు. వాడు సందు వైపు తిరిగి చూశాడు. "తెలీనిదాన్ని తెల్లగా వదిలెయ్. తెలుపుకు మార్కులు తగ్గించను. అబద్ధానికి తగ్గిస్తా."

ఇంకో మాట కూడా ఆమె నోట్లో ఎప్పుడూ ఉండేది. మాలో ఎవరైనా "అక్కడుంది మేడమ్" అంటే వెంటనే "అక్కడంటే యాడ?" అనేవారు. క్యాంటీన్ అబ్బాయిని అడిగేవారు, బస్సు డ్రైవర్‌ని అడిగేవారు, మా నాన్ననూ అడిగేవారు. మా నాన్న ఆమె మెట్లెక్కే చప్పుడు వింటే, "అక్కడంటే యాడ వస్తాంది, తలుపు తీయండి" అని నవ్వేవాడు. నాకు ఈమధ్యే మాటల పిచ్చి పట్టుకుంది. చిరునామా, జాడ, ఆచూకీ అని మాటలు ఏరుకుంటూ ఉంటాను. వాటి బరువు మాత్రం పోయిన చలికాలం ఒక శుక్రవారం తెలిసింది. ఆ పూట గురించి రాయకుండా మేడమ్ గురించి రాయలేను.

ఆరోజు మేడమ్ మా ఇంట్లో ఉన్నారు. నా పటం దిద్దుతూ, అమ్మ వేసిన దోసె తింటున్నారు. అమ్మ ఫోన్ మోగింది. అమ్మ ఊరివాసి ఓబుళమ్మ. నేను పిన్నమ్మ అంటాను. జాబ్రియాలో ఒక కువైటీ ఇంట్లో పనిచేసేది. అంతకు కొన్ని వారాల ముందే ఆ కుటుంబం ఇల్లు మారింది. పిన్నమ్మది మీటల ఫోను. అందులో మాట్లాడ్డం తప్ప ఇంకేం కుదరదు.

"అక్కా! పెద్ద మామా పడిపాయ! నోరు ఒక పక్కకు పోయింది. మాట రాలా. కుడి చెయ్యి లేవలా!"

ఇక్కడి ఇళ్లలో పనిచేసేవాళ్లు యజమానురాలిని మామా అంటారు, పెద్ద మామా అంటే ఆమె తల్లి. ఇంట్లో మిగతా అందరూ చలికాలం గుడారాలు వేసుకోవడానికి ఎడారిలోకి పోయారు. వాళ్ల ఫోన్లు ఏవీ కలవడం లేదు. పిన్నమ్మ అంబులెన్సుకు ఫోన్ చేసిందట. జాబ్రియా అని చెప్పి, తనకు నోటికొచ్చిన బ్లాకు నంబరు చెప్పిందట. అది పాత ఇంటి బ్లాకు. బండి అక్కడికి పోయి, అలాంటి ఇల్లు కనిపించలేదని మళ్లీ ఆమెకే ఫోన్ చేశారట.

"ఆమెకేమన్నా అయితే ఇంట్లో నేనొక్కదాన్నే ఉండానక్కా. నన్నే కదా అడిగేది? ఏం జేసినావంటే ఏం జెప్పల్ల నేను?"

అమ్మ ఫోన్ స్పీకర్లో పెట్టింది. మేడమ్ దోసె చెయ్యి చున్నీకి తుడుచుకున్నారు. అలా తుడుచుకోవడం నేను ముందూ తర్వాతా చూడలేదు.

"ఓబుళమ్మా, నేను కింది ఇంటి టీచర్ని. పేర్లు చెప్పొద్దు. కిటికీలోంచి ఏం కనపడతాందో అది చెప్పు."

"ఇసక మేడమ్. ఇండ్లు కడతాండారు. ఈరోజు సెలవు, మనిషనేవాడు లేడు. పెద్ద కరెంటు స్తంభాలుండాయి వరసగా."

మేడమ్ నా వైపు చూశారు. జాబ్రియాలో ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. అక్కడ ఇసుక ఎక్కడిది?

"నువ్వు జాబ్రియాలో లేవు ఓబుళమ్మా."

"అదెట్ల మేడమ్? జమీయా సంచులన్నీ జాబ్రియావే వస్తాండాయే! దాని మింద బొమ్మ నాకు తెలీదా?"

ఇక్కడ ఉండేవాళ్లకు ఈ తికమక వెంటనే అర్థమవుతుంది. ప్రతి ప్రాంతానికీ ఒక సహకార దుకాణం ఉంటుంది. దాన్నే జమీయా అంటారు. అందులో వాటా ఉన్న కుటుంబం ఇల్లు మారినా పాత జమీయాకే పోయి సరుకులు తెచ్చుకుంటుంది. పిన్నమ్మ గేటు దాటి ఒంటరిగా బయటకు పోయింది లేదు. కారెక్కించి తెచ్చి దించారు. సంచి మీద బొమ్మ మారలేదు కాబట్టి ఊరు మారలేదనుకుంది. ఇంటి గోడకు నంబరు పలక ఉందేమో చూడమంటే పరుగెత్తి గేటు దాకా పోయి వచ్చింది. పలక ఇంకా బిగించలేదు. రెండు వైర్లు వేలాడుతున్నాయంది, అంతే.

"కారులో వచ్చేటప్పుడు సముద్రం కనపడిందా?"

"లేదు మేడమ్. ఒంటెలు కనపడినాయి."

"పటం తెరువు" అన్నారు మేడమ్ నాతో. అప్పటికే తెరిచాను. సముద్రానికి దూరంగా, దక్షిణాన ఎడారి దారిలో కొత్తగా ప్లాట్లు వేసిన ప్రాంతం ఒకటే ఉంది. గోడమీద నంబరు లేకపోయినా పటంలో ప్రతి ప్లాటుకూ నంబరు ఉంది. కానీ ప్లాట్లు ఎన్ని! తెర నిండా తేనెపట్టు గదుల్లా ఉన్నాయి.

"ఇంకా ఏం కనపడతాంది?"

"నీళ్ల ట్యాంకులు. గొడుగుల మాదిరి, నీలం చారలవి. దూరంగా."

"ఏ పక్క?"

"అదో, అక్కడ మేడమ్!"

ఆరోజు మేడమ్ "అక్కడంటే యాడ" అనలేదు. కళ్లు మూసుకున్నారు. ఫోన్లో పిన్నమ్మ ఏడుపు, దాని వెనక ఇంకో గొంతు. మాట కాదు, మూలుగూ కాదు. పెద్ద మామాకు తన ఇల్లు ఎక్కడో తెలుసు. చెప్పడానికి నోరు రావడం లేదు. అమ్మ చెవులు మూసుకుంది.

"ఓబుళమ్మా, పెద్ద మామాకు నమాజు చాప నువ్వే పరుస్తావా?"

"ఆ... నేనే మేడమ్. పొద్దన్నే పరిచి, ముందర కుర్చీ ఏసి..."

"ఆ చాప ఎట్టా పరుస్తావో గుర్తుండాదా? వంకర పోకుండా?"

"వంకర పోతే ఊరుకుంటాదా ఆమె! కర్రతో కొట్టి సరిజేపిచ్చాది."

"పో. ఆ చాప పరిచే చోట నిలబడు. ఆమె మొగం ఎటు పెడతాదో అటు నీ మొగం పెట్టు. నిలబడినావా?"

"నిలబడినా."

"ఇప్పుడు చెప్పు. నీళ్ల ట్యాంకులు నీకు ఏ చేతి పక్క?"

"కుడి చేతి పక్క."

"కరెంటు స్తంభాలు?"

"వీపు ఎనక."

కువైట్‌లో ఏ ఇంట్లోనైనా ఆ చాప ఒకే దిక్కుకు పరుస్తారు. నైరుతికి, మక్కా వైపు. ఉత్తరమంటే తెలియని మనిషి దగ్గర కూడా ఆ ఇంట్లో ఒక దిక్సూచి ఉంది. మేడమ్ పెన్సిల్ తెరమీద నైరుతికి ఆనించి పెట్టారు. ట్యాంకుల పొర, స్తంభాల పొర ఒకదానిమీద ఒకటి వేశాను. తేనెపట్టులో చాలా భాగం ఒక్కసారిగా అక్కర్లేనిదైపోయింది. రెండు బ్లాకులు మిగిలాయి.

"ఇంటి పక్కన ఏముండాది?"

"చిన్న గది. తలుపు మింద మెరుపు బొమ్మ."

కరెంటు గది. ఆ పొర కూడా వేశాను. రెండు బ్లాకుల్లోనూ, మూల ప్లాటు పక్కనే, చిన్న చదరం కనిపించింది. ఒకదానికొకటి అద్దంలో చూసుకున్నట్టు.

"చెప్పేయండి మేడమ్, ఏదో ఒకటి!" అంది అమ్మ. "ఆలిస్యం అయితాంది!"

"తప్పు దగ్గరికి పోయిన బండి మళ్లీ తిరిగి రావల్ల కదమ్మా. ఇందాక ఒకసారి అట్లే అయింది." మేడమ్ గొంతు పెరగలేదు. పెన్సిల్ పట్టుకున్న వేళ్లు మాత్రం తెల్లబడ్డాయి. నేను రెండు చోట్లకూ రెండు బండ్లు పంపమని అడుగుదామన్నాను. ఆమె నంబరు నొక్కబోయి ఆగారు. మా కిటికీలోంచి జుమా అజాన్, శుక్రవారం మధ్యాహ్నపు నమాజు పిలుపు, వినపడడం మొదలైంది.

"ఓబుళమ్మా! ఆడ అజాన్ వినపడతాందా?"

ఫోన్లో కాసేపు గాలి చప్పుడు.

"వినపడతాంది. మసీదు కనపడలా, ఇండ్లు అడ్డం. వినపడతాంది."

"చాప చోటి నుంచి కదలొద్దు. మొగం తిప్పొద్దు. ఏ చెవికి?"

పటంలో ఒక బ్లాకు మసీదు ఆ చాపకు ఎడమన ఉంది, ఇంకో బ్లాకు మసీదు కుడిన. మా వీధి అజాన్ కూడా నాకు అడ్డంగా తోచింది.

"ఎడం చెవికి మేడమ్. ఎడం చెవికే!"

మేడమ్ అప్పటికే తన ఫోనులో అరబ్బీ మాట్లాడుతున్నారు. ప్రాంతం, బ్లాకు, వీధి, ప్లాటు. ఒక్కోటీ రెండుసార్లు, నింపాదిగా. తర్వాత పిన్నమ్మను పెద్ద మామా పక్కన కూర్చోమని, ఆమెను ఒక పక్కకు పడుకోబెట్టమని, నీళ్లు తాపొద్దని, గేటు తెరిచి పెట్టమని చెప్పారు. ఆ తర్వాత చెప్పడానికి ఏమీ లేదు. పిన్నమ్మ ఫోన్ పెట్టేయలేదు. ఏడుస్తూ పెద్ద మామాతో తెలుగులో మాట్లాడుతోంది. "వస్తారుమ్మా, వస్తారు. కండ్లు మూయగాకు. నా వైపు చూడు. నన్ను కర్రతో కొడుదువు గానీ లే..." అమ్మ గోడకు ఆనుకుని కింద కూర్చుంది. దోసె పెనం మీద మాడిపోయి, ఇల్లంతా పొగ కమ్ముకున్నా ఎవరం లేవలేదు.

సైరను ముందు పల్చగా వినపడింది. తర్వాత పెరిగింది. ఆ తర్వాత పిన్నమ్మ అరుపు. "వచ్చినారు! వచ్చినారు మేడమ్!"

మేడమ్ ఫోను బల్లమీద బోర్లించి, చల్లారిన టీ తాగబోయారు. గ్లాసు పళ్లకు తగిలి టకటకమంది. కింద పెట్టేసి, నా పటం ముందుకు లాక్కుని, "ఈ వీధి పోయి చూసినావా, నీలం ఏసినావు?" అన్నారు. అప్పుడు మాత్రం అమ్మ ఆమె మీద కోప్పడింది. "ఇంక చాలు మేడమ్, కూసోండి ఊరికే!" మేడమ్ ఊరికే కూర్చున్నారు. కాసేపటికి ఆమె మొహం తడిసి ఉండడం చూశాను.

పెద్ద మామా బతికింది. కుడి చెయ్యి సరిగా రాలేదు, మాట కొద్దికొద్దిగా వస్తోంది. ఇంటివాళ్లు పిన్నమ్మను ఒక్క మాట అనలేదు. గుడారం నుంచి పరుగున వచ్చిన మామా ఆమెను పట్టుకుని ఏడ్చిందట.

కానీ మేడమ్‌కు ఆ పూట అంతటితో అయిపోలేదు. తర్వాతి కలయికలకు పోయేటప్పుడు మమ్మల్ని కూడా వెంట తీసుకుపోయేవారు. భోజనాల తర్వాత ఆడవాళ్లు కూర్చున్న చోటికి పోయి, పటం తెరిచి, "మీ మామా ఇల్లు యాడ?" అని అడిగేవారు. మొదట్లో వాళ్లకు నవ్వులాట.

"ఇదేనా మా ఇల్లు? పైనుంచి చూస్తే అగ్గిపెట్టె మాదిరుండాదే! లోపల తుడిచేటప్పుడు మాత్రం ఎంతకూ తెగదు!"

"నీది అగ్గిపెట్టె, మాది చూడు. ఈతకొలను కూడా కనపడతాంది. దాన్ని కడిగేది నేనే."

నవ్వులు అయ్యాక మేడమ్ ఒక్కొక్కరి చేతా ప్రాంతం, బ్లాకు, వీధి, ఇల్లు పైకి చెప్పించేవారు. పాపం, కొందరికి ఏళ్ల తరబడి ఉంటున్న వీధి నంబరు తెలియదు. చెప్పలేక సిగ్గుపడిన ఒకామెతో మేడమ్ అన్న మాట నాకు గుర్తుంది: "సిగ్గెందుకు? ఇంతకాలం ఎవరూ నిన్ను అడగలా, అంతే. ఇప్పుడు నేను అడుగుతాండా." శనివారాల్లో మేం కొత్త ప్రాంతాల్లో తిరిగి నంబరు పలక లేని ఇళ్లన్నీ పటంమీద ఎరుపుతో గుర్తుపెట్టాం. ఆ పటాన్ని మేడమ్ సంబంధించిన ఆఫీసుకు పంపారు. కొన్ని పలకలు వచ్చాయి. కొన్ని ఇంకా రాలేదు.

ఆపరేషన్ కోసం కడపకు పోయి ఆసుపత్రిలో చేరాక ఆమె నాకు ఒక వాయిస్ మెసేజ్ పెట్టారు. గొంతు నీరసంగా ఉంది, ఆట మాత్రం మానలేదు. "మ్మే, మంచం పక్కన కిటికీ ఉండాది. ఎడమన నీళ్ల ట్యాంకు, దాని ఎనక కొండ. పొద్దున ఎండ నా కాళ్ల మింద పడతాంది. నేను యాడుండానో కనుక్కో." ఆసుపత్రి పేరు అడిగితే ఆట ఒప్పుకోరని అడగలేదు. ఆ ఊరి పటంలో నాకు దొరికిన పొరలు తక్కువ. అయినా స్కూలు నుంచి రాగానే కూర్చుని వెతికేదాన్ని. చివరికి రెండు భవనాలు మిగిలాయి. ఇంకో ప్రశ్న అడిగితే తేలిపోయేది. ఏ చెవికి వినపడుతోంది మేడమ్ అని అడగాలనుకున్నాను. ఆ గురువారం సాయంత్రమే అడగాలనుకున్నాను. ఆ రెండు చోట్లనూ తెల్లగానే వదిలేశాను.

కబురు ఫోన్లో చెప్పడం బాగుండదని శుక్రవారం అమ్మా నేనూ పిన్నమ్మ దగ్గరికి పోయాం. ఇప్పుడు ఆ ఇంటి గోడకు నీలం పలక ఉంది. ముందురోజు దుమ్ముగాలి వచ్చినట్టుంది, గోడంతా ఎర్రటి ధూళి. పలక మాత్రం తడిగుడ్డతో తుడిచి ఉంది. అమ్మ చెప్పింది. పిన్నమ్మ చేతిలోని గుడ్డతో, తుడిచిన పలకనే మళ్లీ తుడిచింది. లోపలి నుంచి పెద్ద మామా కర్రతో నేలమీద తట్టింది. నమాజు వేళవుతోంది.

పిన్నమ్మ కళ్లు తుడుచుకుని లోపలికి పోయింది. తలుపు దగ్గర్నుంచి చూస్తున్నాను. చాప విదిల్చి పరిచింది. మూల కొద్దిగా వంకర పోతే కాలితో సరిచేసింది. ముందర కుర్చీ వేసింది. పెద్ద మామా ఇంకా తన గదిలోంచి మెల్లగా నడిచి వస్తోంది. ఆమె వచ్చేలోపు పిన్నమ్మ చాప అంచున, చాప చూస్తున్న దిక్కుకే మొహం పెట్టి నిలబడింది. తల కదల్చలేదు. ఎడం చెవి మీది కొంగు మాత్రం వెనక్కి తీసి, అజాన్ కోసం ఎదురుచూస్తూ.